పటంలో పెద్ద చుక్క

మంగళవారం, పరిగి

పొద్దున మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. శెనక్కాయ చేన్లో సగం కలుపు తీసి, చెల్లెలు సుబ్బమ్మను తీసుకుని పెనుకొండలో లాయరు దగ్గరికి పోయినాను. ఆమె మొగుడు చనిపోయే ముందు రాసిన వీలునామాకు సాక్షుల్లో బతికుండేది నేనొక్కడినే. వచ్చే వాయిదాకు నేను చెప్పే సాక్ష్యం మీదే ఆమె భూమి నిలవాల.

ఆడ బెంగళూరు నుంచి వచ్చిన పరిశోధకుడొకడు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. పెనుకొండ కోర్టు కేసులన్నీ దాంట్లో ఎక్కించి పటం గీసినాడంట. మనిషికో చుక్క, ఒకే కేసులో ఉన్నవాళ్ల మధ్య గీత. నడుమ ఒక చుక్క గుమ్మడికాయంత ఉంది.

"ఇదెవరప్పా, ఇంత బలిసినాడు?" అన్నాను.

"మీరే సార్. మీ ఊరి కేసులన్నిట్లో సాక్షి మీరే. ఇట్లాంటి వాళ్లను మేము అనుమానిస్తాం."

మా ఊర్లో అప్పట్లో వేలిముద్ర వెయ్యకుండా సంతకం చేసేవాణ్ని నేనొక్కడినే. ఎవరు ఏ కాగితం రాసుకున్నా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఒకరి దగ్గర టీ కూడా తాగలేదు. ఆ మాటే చెప్పినాను.

"అది డేటాలో లేదు సార్."

"మా ఊరికి ఎప్పుడన్నా వచ్చినావా?"

"అవసరం పడలేదు."

ఆ ల్యాప్‌టాప్ తీసి వాని నెత్తిన కొట్టాలనిపించింది.

"ఈ పటం అవతలి లాయరుకూ ఇచ్చినాడప్పా," అన్నాడు మా లాయరు. "బోనులో నిన్ను బాడుగ సాక్షి అంటాడు, చూడు."

"ఊరందరికీ నువ్వే ఎందుకు పెట్టినావన్నా సంతకం?" అనింది సుబ్బమ్మ.

జడ్జి ఇదే అడిగితే ఏం చెప్పేది...

బెంగళూరాయన నాలుగింటికి కార్లో పోయినాడు. సుబ్బమ్మ ఐదింటి ధర్మవరం బస్సుకు తన ఊరికి పోయింది.