క్యామ్‌షాఫ్ట్ పట్టిన చోటు

మంగళవారం, రాత్రి

ఆ పాత అంబాసిడర్ ఇంజిన్‌లో ఇరుక్కున్న పొడవాటి ఇనుప ఇరుసు, క్యామ్‌షాఫ్ట్, చివరికి బయటికొచ్చింది. తీసింది నేను కాదు, యాదయ్య.

నానక్‌రామ్‌గూడలో కార్ల రిపేరు షెడ్డు ఇద్దరం కలిసే పెట్టాం. బ్రేకులు, స్టీరింగు అతను చూస్తాడు. ఇంజిన్ విప్పితే మాత్రం నా చెయ్యే పడాలి. ఇరుక్కున్న షాఫ్ట్‌ను సుత్తితో కొట్టకూడదు. కొంచెం తిప్పుతూ, కొంచెం లాగుతూ ఉంటే ఎక్కడ పట్టిందో వేళ్లకు తెలుస్తుంది. ఇవాళ తెలియలేదు. లాగుతూనే ఉన్నాను.

"ఆగన్నా! లోపల బేరింగ్ గీసుకపోతున్నది, తెలుస్తలేదా?" అని యాదయ్య అరిచాడు.

ఎదురు టవర్ల నీడకు షెడ్డులో పగలే మసక. ఎడమ చేతికి అంటింది ఆయిలే అనుకున్నాను. అతను లైటు దగ్గరికి తెచ్చాక చూస్తే నెత్తురు. షాఫ్ట్ అంచుకు రెండు వేళ్లు తెగాయి. నొప్పి లేదు. షుగర్‌తో మొద్దుబారింది పాదాలే అనుకున్నాను ఇన్నాళ్లూ.

యాదయ్య నన్ను పక్కకు జరిపి, కళ్లు మూసుకుని, నేను నేర్పినట్టే తిప్పి తీశాడు. తర్వాత నా మొహం చూడకుండా, "ఇగ రేపటి సంది ఇంజిన్లు నేను జూస్త. నువ్వు గల్లా కాడ కూసో అన్నా" అన్నాడు. మెత్తగానే అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొస్తే మా ఆవిడ లక్ష్మి టీ గ్లాసు కొంగుతో పట్టుకుని తెచ్చింది. కట్టు లేని కుడి చేత్తో అందుకున్నాను.

"గంత వేడి గ్లాసు ఎట్ల పట్టుకున్నవయ్యా? జర కింద పెట్టు!"

అలవాటే అన్నాను.

ఇప్పుడు ఆ చేత్తోనే రాస్తున్నాను. పెన్ను వేళ్ల మధ్య ఉందని చూస్తేనే తెలుస్తోంది.