అంగ్‌కోర్ గోడ మీద సగం పువ్వు

అంగ్‌కోర్ (కంబోడియా), బుధవారం, యాత్ర మూడో రోజు

నాకు నేనే రాసుకుంటున్నాను: నువ్వు మోసగాడివి. బందరులో ఇరవై ఏళ్లు శ్రామికుడి పేరు చెప్పి ఉపన్యాసాలు దంచావు. ఇక్కడ మాత్రం మూడు రోజులుగా గైడు చెప్పిన రాజుల పేర్లే బుద్ధిగా రాసుకుంటున్నావు.

ఇవాళ పెద్ద గుడిలో, ద్వారం పక్క గోడ మీద చెక్కిన గుండ్రటి పూల వరసలు చూసి పెడన సోమయ్య ఆగిపోయాడు. ఇక్కడ జరుగుతున్న ఎగ్జిబిషన్‌కు కలంకారీ దుప్పట్లు తెచ్చి, మా బృందంలో కలిశాడు. నలభై ఏళ్లు బట్ట మీద అచ్చులద్దిన చెయ్యి అతనిది.

"ఇది మా పనేనండీ మాస్టారూ! ఇదిగో, మూల చూడండి."

మూలన ఒక పువ్వు సగమే ఉంది.

"ఇద్దరు చెక్కారండీ. ఒకాయన ఇటునుంచి, ఒకాయన అటునుంచి. ఇద్దరూ కలిసే ఈ మూల దగ్గర కొలత తప్పింది. అచ్చు కలవకపోతే మేమూ ఇలాగే సగం పువ్వేసి సర్దేస్తాం."

చెక్కిందెవరని గైడును అడిగాను. రాజు కట్టించాడన్నాడు. సోమయ్యకు తెలుగులో చెప్పాను.

"రాజుగారికి ఇంత సర్దుబాటు చేతకాదు లెండి," అన్నాడు.

ఆ ఇద్దరూ కూలికి వచ్చారా, కట్టుబానిసలా? తప్పు బయటపడితే వాళ్లనేం చేశారు? ఊరెళ్లి పత్రికలో రాయాల్సింది ఇదే. నాకేమో ఒక్క ముక్క తెలియదు. రేపే ఆఖరి రోజు...

రేపు గైడు ముందు పెట్టవలసిన డిమాండ్లు:

రాళ్లు మోసినవాళ్లు ఏం తిన్నారో చెప్పాలి.
చెక్కినవాళ్లు ఎక్కడ పడుకున్నారో చూపించాలి.
తెలియకపోతే తెలియదనాలి.
ఆ గోడ దగ్గర సోమయ్య మాట్లాడాలి, గైడు వినాలి.