రెండో మనిషి

అక్కా,

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటే అని తిడతావు. తిట్టు. నేనొక విలేకరి దగ్గరికి వెళ్లాను. ఆమె కుర్చీ చూపించక ముందే చెప్పిన మాట, ఈ సంగతి ఫోనులో ఎవరితోనూ మాట్లాడొద్దని, ఆఫీసు కంప్యూటరు ముట్టుకోవద్దని. అసలు ఎవరికీ చెప్పొద్దంది. నీకు కూడా చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు.

మీ ఆస్పత్రి వరండాలో మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఉంటాయి చూడు, అవి ఏటా మా కంపెనీకే వస్తాయి. పాత పొడి తీసి, కొత్తది నింపి, తూచి, తేదీ చీటీ కట్టి పంపాలి. రెండేళ్లుగా చీటీ ఒక్కటే మారుతోంది. వాడేసినవీ, కారిపోయినవీ అలాగే వెనక్కి పోతున్నాయి. తూకం వేసే పెద్దాయన, అందరం బాబాయి అంటాం, కాటా మీద పెట్టి అంకె చెబుతాడు, నేను రిజిస్టర్లో రాస్తాను. ఆయన చెప్పేది ఉన్న బరువు, నేను రాసేది ఉండాల్సిన బరువు. మేనేజరు అలా రాయమన్నాడు. మొన్న మీ ఆస్పత్రివి ఇరవై రెండు వచ్చాయి. పద్నాలుగు వట్టి డొల్లలు. "మూడున్నర" అన్నాడు బాబాయి. తొమ్మిది కిలోలని రాశాను. నీ డ్యూటీ ఏ అంతస్తులోనో అనుకుంటూనే పద్నాలుగు సార్లు రాశాను. చెయ్యి వణకలేదు. దానికే భయం వేసి విలేకరి దగ్గరికి వెళ్లాను.

"పదిమందికి తెలిసినదే నాకు చెప్పండి. ఒకరిద్దరికే తెలిసింది అచ్చయితే వేలు మీ వైపే చూపిస్తారు" అంది. అన్నీ విన్నాను, అదొక్కటి వినలేదు. పద్నాలుగు అన్న అంకె వెయ్యమన్నాను. రెండు రోజులు ఆలోచించుకోమంది. ఆలోచించి కూడా వెయ్యమనే అన్నాను. ఒక్కరి మాట మీద వెయ్యరట, లోపలి మనిషి ఇంకొకరు చెప్పాలట. ఇక్కడ పిల్లి మెడలో గంట కట్టే మొనగాడెవరున్నాడు? చదివి పొయ్యిలో వెయ్యి.

నీ మొండిఘటం


అక్కా,

పేపర్లో చూసే ఉంటావు. మీ వరండాలో సిలిండర్లన్నీ మార్చారని రాశావు, సంతోషం. సంతోషం అని రాస్తున్నాను గానీ నాకేమీ అనిపించడం లేదు.

రెండో మనిషి దొరికాడని విలేకరి చెప్పింది. ఎవరని అడిగితే, "మీ పేరు ఆయనకు చెప్పనా మరి?" అంది.

పేపరొచ్చిన రోజే మేనేజరు నన్నూ బాబాయినీ గదిలోకి పిలిచాడు. "పద్నాలుగని కాటా దగ్గరున్న మీ ఇద్దరికే తెలుసు. ఎవరు?" అన్నాడు. బాబాయి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "నేనే సార్" అన్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, మధ్యాహ్నానికల్లా టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాటాడు. భోజనాల దగ్గర అందరూ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నారు. నేనూ తలూపానక్కా. తలూపి, అన్నం మొత్తం తిన్నాను.

ఏడుపు కూడా రావడం లేదు. సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్లి నా పేరు నేనే చెబుతాను. ఆపకు.

నీ చెల్లి


అక్కా,

"ఆగవే, ముందు ఆ పెద్దాయన్ని కలువు" అని నువ్వు రాయబట్టి బతికాను. ఆదివారం వెళ్లాను. స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. "బాబాయ్, చెప్పింది నేను. నా తప్పు నువ్వెందుకు నెత్తినేసుకున్నావు?" అన్నాను.

గుడ్డ పట్టుకునే స్టూలు దిగాడు. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నీ తప్పు నేనెందుకు మోస్తానే పిచ్చిమొహమా! నేను చెప్పిందే నేను ఒప్పుకున్నా. ఆ విలేకరమ్మ దగ్గరికి నేనూ పోయొచ్చా. పాపం, నా మూలాన అది నీ మెడకు చుట్టుకుంటుందని మేనేజరు అడగ్గానే లేచా. రెండో మనిషి దొరికాడని నాతోనూ అంది. ఎవడో గట్టివాడే అనుకున్నా!"

ఇద్దరం విలేకరి ముందు అదే కుర్చీలో కూర్చుని వచ్చాం. ఆమె ఆయన పేరు నాకు చెప్పలేదు, నా పేరు ఆయనకు చెప్పలేదు. అయినా మేనేజరుతో చెప్పేస్తానన్నాను. బాబాయికి కోపం వచ్చింది. "నోరు ముయ్యి! నేనెలాగూ బయటపడ్డా. నువ్వూ బయటికొస్తే కాటా దగ్గరెవరుంటారు? మళ్లీ తొమ్మిది అనేవాడే వస్తాడు" అన్నాడు.

అందుకని చెప్పలేదు. ఇది కూడా పొయ్యిలోకే.

ఇవాళ నన్ను కాటా పనికి వేశారు. రిజిస్టరు దగ్గరికి కొత్తమ్మాయి వచ్చింది. మొదటి సిలిండరెత్తి పెట్టాను. మేనేజరు వెనకే నిలబడ్డాడు. "మూడున్నర" అన్నాను. ఆ పిల్ల పెన్ను పట్టుకుని మేనేజరు మొహం చూసింది. అతను మొహం తిప్పుకున్నాడు. "మూడున్నరమ్మా, రాయి" అన్నాను. రాసింది. సిలిండరు దించబోతే నా చెయ్యి వణికిందక్కా, రెండు చేతులూ వణికాయి.

నీ మొండిఘటం