శౌరయ్య ఏనుగులు

కొండపల్లి,
16 జులై 2024, మంగళవారం.

మహారాజశ్రీ బసవపున్నయ్య గారికి,

కాశిం సలాం చేసి రాయునది. ఇక్కడ నేను, షహజాది, ఆఫ్రీన్ బాగానే ఉన్నాం. నువ్వూ వెంకటరత్నమ్మ వదినా బాగున్నారని వింటూనే ఉన్నాను. 'గారు' అన్నానని ఉలిక్కిపడకు. క్లాసులో నిన్ను అందరూ అలాగే అంటున్నారు. నేనొక్కణ్ణే 'ఒరే బసవా' అంటే బాగుండదు.

ఏ క్లాసు అంటావేమో. విజయవాడలో కళాకారులకు ఆదివారాలు వ్యాపార నిర్వహణ నేర్పే క్లాసే. కిందటేడు నువ్వు చదివి, సర్టిఫికెట్ పట్టుకొచ్చి, ఆటోనగర్‌లో బొమ్మల షెడ్డు వేశావు చూడు, అదే. ఈసారి నేను చేరాను. ఫారం ఆఫ్రీన్ నింపింది. "నీకు చెక్కడం వచ్చు అబ్బా, అమ్మడం రాదు" అంది. కూతురు కాబట్టి ఊరుకున్నాను.

మొన్న ఆదివారం పాఠం చెప్పే సింధూరి గారు తలా నాలుగు కాగితాలు పంచారు. దాన్ని కేస్ స్టడీ అంటారని నీకు నేను చెప్పక్కర్లేదు, రాసింది నువ్వే కనుక. నిజంగా జరిగిన ఒక వ్యాపారం సంగతి రాసి చివర ప్రశ్నలు వేస్తారు. ఆ మనిషి ఎక్కడ తప్పు చేశాడో అందరూ చెప్పాలి. 'శౌరయ్య కొండపల్లిలో పేరున్న బొమ్మల కళాకారుడు, కానీ మొండివాడు' అని మొదలుపెట్టావు. రెండో కాగితానికి వచ్చేసరికి శౌరయ్య నేనేనని అర్థమైంది. బొమ్మల కాళ్లూ చేతులూ అతికే చింతగింజల మక్కు వేళ్లకు అంటుకుని ఉంటే, కడుక్కుంటేగాని ఫోన్ ఎత్తనివాడు కొండపల్లిలో ఇంకెవడున్నాడు? పేరు మార్చావు సరే, అడక్కుండానే మతం కూడా మార్చేశావు. గుణదల మేరీమాత తిరునాళ్లలో మనిద్దరం కలిసి కొట్టు పెట్టిన ఇరవై ఏళ్లూ ఈ పేరు నీ మనసులో ఉందా?

ముప్ఫై మంది నా గురించి గంటన్నర మాట్లాడారు, నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని. చీరాల నుంచి వచ్చిన నేతపని ఆయన "ఈ శౌరయ్యకి పిల్లనివ్వకూడదండీ" అన్నాడు. పెళ్లిళ్ల ఫొటోలు తీసే జయంత్ "ఫోనెత్తడానికి చేతులు కడుక్కోవడమేంటండీ, అదేమన్నా భోజనమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుందని.

రోజుకు ఎంత పని అవుతుందో శౌరయ్య ఎందుకు రాసి పెట్టుకోలేదు అన్నది నీ మొదటి ప్రశ్న. రాసుకోవాలని ఎవరూ చెప్పలేదు కనుక. ఈ క్లాసులో చేరినప్పటి నుంచి రాస్తున్నాను. ఏనుగుకు నాలుగు కాళ్లు అతకడానికి ఎంతసేపు పడుతుందో ముప్ఫై ఏళ్ల తర్వాత నాకు తెలిసింది. తేదీ ఒప్పుకునే ముందు కర్ర ఎండే రోజులు కూడా కలుపుకోమన్నారు సింధూరి గారు. పోయిన వారం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అన్న రోజుకి సరుకు ఇచ్చాను. క్లాసు మంచిదే. నా కోపం క్లాసు మీద కాదు.

భాగస్వామిని అడగకుండా నిర్ణయం ఎందుకు తీసుకున్నాడన్నది రెండోది. అది తప్పే. రాసుకో.

ఇక మూడోది. రెండు వందల అంబారీ ఏనుగుల ఆర్డరును, సరుకంతా సిద్ధమయ్యాక, శౌరయ్య ఎందుకు వదులుకున్నాడు? జవాబు కూడా నువ్వే కింద అందించావు: పెద్ద వ్యాపారమంటే భయమా, లేక అహంకారమా అని. సగం మంది భయం అన్నారు, సగం మంది అహంకారం అన్నారు. అప్పుడు సింధూరి గారు నా వైపు తిరిగి, "కాశిం గారూ, మీరూ బొమ్మలవాళ్లే కదా, మీరేమంటారు?" అని అడిగారు. ఆ మనిషిని నేనెరగనండీ అన్నాను. ఈ పనిలోకి వచ్చాక నేను ఆడిన అబద్ధాల్లో అది రెండోది. మొదటిది నీకు తెలియదు.

వచ్చే ఆదివారం నువ్వు వచ్చి నీ షెడ్డు గురించి చెబుతావట. బోర్డు మీద నీ పేరు రాశారు. ఆలోపు ఆ కాగితాలు వెనక్కి తీసుకో. తీసుకోకపోతే శౌరయ్య ఎవరో నేనే లేచి చెబుతాను. నువ్వు మధ్యలో మంచినీళ్లు తాగడానికి ఆగుతావు కదా, అప్పుడు చెబుతాను. నా పరువు పోతుందని సంబరపడకు. పోవాల్సిందంతా ఆ గంటన్నరలో పోయింది.

మా ఇంటి వైపు రావద్దు. ఫోన్ కూడా చేయొద్దు. నీ కోసం చేతులు కడుక్కోను.

ఇట్లు,
నీ పాఠం,
షేక్ కాశిం.

తా.క. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. మూడో ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

ఆఫ్రీన్ నీకొక అట్టపెట్టె ఇస్తుంది. అందులో ఉన్నది ఆ రెండు వందల్లో ఒకటి. అంబారీలు నేను చేశాను, ఏనుగులు నువ్వు చెక్కావు. 2022 ఆగస్టు. వదిన ఆస్పత్రిలో ఉంది. నువ్వు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ పచ్చికర్ర చెక్కేశావు. పెట్టెల్లో సర్దేటప్పుడు నా చేతికి బరువు తగిలింది. ఒకదాన్ని పొయ్యి పక్కన పెట్టి చూశాను. మూడో రోజుకు పొట్ట కింద విచ్చింది. నీకు పంపింది అదే. మక్కు, సున్నం, రంగు కొన్నాళ్లు దాస్తాయి, అంతే. కర్ర ఎండిందా అని నిన్ను అడగడానికి ఆ వారం నాకు నోరు రాలేదు. ఆర్డరిచ్చిన కంపెనీవాళ్లతో, నాకిష్టం లేదు, పంపను అన్నాను. అదీ మొదటి అబద్ధం. వదిన ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఈలోపే నువ్వు నన్ను అహంకారి అని వెళ్లిపోయావు. తర్వాత చెప్పబుద్ధి కాలేదు.

నవ్వులు ఆగాక సింధూరి గారు ఒక మాట అన్నారు. ఆర్డరు వదులుకోవడం తప్పు కాకపోవచ్చు, కారణం మింగెయ్యడం మాత్రం తప్పు అని. అది నాకు తగిలింది. అందుకే ఇది.

ఆదివారం నేను లేవను. కాగితాలు వెనక్కి తీసుకోవద్దు. శౌరయ్య అన్నచోటల్లా కాశిం అని రాయించి, ఏనుగును తిరగేసి బల్ల మీద పెట్టు. దీన్ని చెక్కిందెవరని జయంత్ తప్పకుండా అడుగుతాడు. ఆ జవాబు నేను రాయను.