పదకొండు స్టాపుల నోటు పుస్తకాలు

మానవశాస్త్ర విభాగంలో ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పి రిటైరై, ప్రస్తుతం డెబ్బై నాలుగో ఏట ఉన్న నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. నా తమ్ముడికి అనుమానముంటే దాన్ని రెండోసారి చదువుకోవచ్చు.

1. నేనుంటున్న ఇల్లు, అందులోని సామాను నా తమ్ముడికి సర్వహక్కులతో చెందుతాయి. మేడమెట్లలో మూడోది కదులుతోందని ఇరవై ఏళ్ళుగా నన్ను సాధిస్తున్నాడు. ఇక వాడే బాగు చేయించుకోవచ్చు. గొడుగు మాత్రం వాడికి చెందదు, ఇదివరకే నావి మూడు పోగొట్టాడు.

2. నా పుస్తకాన్ని తిరిగి అచ్చు వేయించే హక్కు వాడికి లేదు. అక్క పేరు నిలబెట్టాలని ప్రెస్సువాళ్ళతో మాట్లాడి వచ్చాడు, పిచ్చి నాయన. వాడి ప్రేమకు వంక పెట్టను. కానీ ఆ పుస్తకం తప్పు.

3. నా గదిలోని ఇనుప బీరువా, తాళంచెవి, లోపలున్న పదకొండు నోటు పుస్తకాలు, తల కొలిచే కాలిపర్, చర్మం రంగు పోల్చే గాజుబిళ్ళల పెట్టె మా ల్యాబ్ అసిస్టెంటుకు చెందుతాయి. కారణం వివరంగా రాస్తున్నాను.

రేవు పట్నంలో రెండు వందల మందిని, కొండమీది ఊళ్ళో రెండు వందల మందిని కొలిచాను. ఎత్తు, తల, ముక్కు, భుజం లోపలివైపు ఎండ తగలని చోట రంగు. వీళ్ళొక జాతి, వాళ్ళొక జాతి అని తేల్చి పుస్తకం వేశాను. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అసిస్టెంటు అమ్మాయి మాత్రం నెమ్మదిగా అడిగింది: "మేడమ్, మనం రెండు చివర్లే చూశాం కదా. దారి పొడుగునా ఊళ్ళున్నాయి, వాళ్ళ సంగతేంటి?"

నీ పని కొలవడం, ఆలోచించడం కాదని కసిరాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె రెండు వేసవులు తన సెలవులన్నీ పెట్టి, దారిలోని పదకొండు బస్సు స్టాపుల్లోనూ దిగింది. ప్రతి మనిషినీ వేర్వేరు రోజుల్లో రెండుసార్లు, మొదటి అంకె చూడకుండా కొలిచింది. రంగు ఒక తీరుగా, ఎత్తు ఇంకో తీరుగా, స్టాపు స్టాపుకీ కొద్దికొద్దిగా మారాయి. ఇక్కడితో ఒక జాతి అయిపోయిందని గీత గీయడానికి ఎక్కడా చోటు దొరకలేదు. ఒకే ఇంటి అన్నదమ్ముల మధ్యే బోలెడు తేడా. అంత ఓపిక, అంత శుభ్రమైన పని నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. చూసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. పంతొమ్మిదేళ్ళయింది. పైగా నా విద్యార్థులందరికీ కాలిపర్ పట్టడం నేర్పింది ఆమే.

ఆ పుస్తకాలు ఆమె పేరుతోనే అచ్చు కావాలి. నా తమ్ముడు దగ్గరుండి చూడాలి. వాడికి అచ్చు ముచ్చట ఎలాగూ ఉంది.

4. నా గొడుగు ఆ రూటు బస్సు కండక్టరుకు. గాజుబిళ్ళలు పగలకుండా పెట్టెను తన సీటు మీద పెట్టి, దారంతా తాను నిలబడేవాడట.

5. మొన్న ఏడో స్టాపు పుస్తకం మళ్ళీ తీశాను. చివరి పేజీలో నా కొలతలున్నాయి. ఆమె కొత్తగా చేరినప్పుడు, చెయ్యి కుదరడానికి నన్నే కొలవమనేదాన్ని. పక్కన పెన్సిలుతో రాసుంది: "మేడమ్ ఈ ఊళ్ళో అచ్చంగా సరిపోతారు." నా పుస్తకం ప్రకారం నేను ఆ జాతీ కాను, ఈ జాతీ కాను. ఆమె పుస్తకంలో నాకు చోటుంది.

6. వీలునామా నా తదనంతరమే అమలవుతుందని లాయరు చెప్పాడు. మూడో అంశం అంతవరకూ ఆగదు. సంతకం కాగానే తాళంచెవి తీసుకుని ఆమె ఇంటికి బస్సులో వెళ్తున్నాను. తప్పు నాదని నా నోటితోనే చెప్పాలి. గొడుగు ఈ ఒక్కరోజూ నాకు కావాలి.

తేదీ: ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం, ఉదయం పదిన్నర.

సంతకం: వీలునామాదారు, ఏడో స్టాపు మనిషి.

సాక్షులు: 1. కింది వాటా టైలరు. 2. ఎదురింటి మందుల షాపాయన. (బస్సు వేళవుతోందని ఇద్దరినీ తొందరపెట్టాను.)