బావ చెప్పిన సైజు

మాదాపూర్, 12-10-98

నరహరీ, మేమంతా క్షేమమే గానీ మీ బావ ఉద్యోగం పోయింది. హైటెక్ సిటీ పక్కన కొత్త ఆఫీసు భవనం క్యాంటీను వంటకు ఆవిరి ఇచ్చే బాయిలరు ఎంతది కావాలో, పూటకు ఎందరు తింటారో అడిగి మరీ ఆయన లెక్క కట్టారు. ఓనరేమో, "ఏందయ్యా, గింత పెద్ద బిల్డింగుకు గింత డబ్బానా? మంది నవ్వరా?" అని రెండింతలది పెట్టించాడు. అవసరానికి మించి ఆవిరి తయారై అది మాటిమాటికీ ఆగుతూ, వెలుగుతూ ఉండి, నాలుగు నెలల్లోనే గొట్టాలు పగిలి కూర్చుంది. "చూసుకునేటోడివి నువ్వే గద" అని బావను తీసేశాడు.

బాలానగర్‌లో ఒకచోట పనికి రమ్మన్నారు. మీ ఇంట్లో ఉన్న మా ఇనప్పెట్టెలో ఆయన బాయిలరు నడిపే సర్టిఫికెట్ ఉంది, వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆమెకు ఇదేమీ చెప్పకు. పగిలినదాని బదులు ఇప్పుడు బావ చెప్పిన సైజుదే తెచ్చారట. పిల్లలకు నా దీవెనలు.

అక్క అనసూయ