నాన్న పేరున పంపిన రగ్గు

మణికొండ,
డిసెంబరు, 1976

అక్కయ్యకి,

తమ్ముడు బుల్లిబాబు నమస్కారాలు. మేమిద్దరం కులాసా. బావగారి మోకాలి నొప్పి తగ్గిందని, అక్కడ మీరంతా బాగున్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాం.

సుబ్బలక్ష్మికి ఇక్కడి మాట పట్టుబడిందా అని అడిగావు. పాలావిడతో "జర మంచిగ పొయ్యమ్మా" అని బేరమాడుతోంది! నాకే ఇంకా నోరు తిరగడం లేదు. చలి సంగతి మాత్రం అడక్కు. చుట్టూ బండలే కదా, పొద్దు వాలితే ఎముకలు కొరికేస్తోంది. మన కాకినాడలో మనం వణికింది ఒక వణుకేనా అనిపిస్తుంది.

నాన్న సంవత్సరీకం జరిగింది. శయ్యాదానం కింద బ్రాహ్మడికి మంచం, పరుపు, గొడుగు, చెప్పులు ఇచ్చాం. అందులో నువ్వు పంపిన రగ్గు పెట్టావా అని అడిగావు. పెట్టలేదక్కా. ఎందుకో రాయడానికే ఇంతసేపూ తటపటాయించాను.

మా గోడ పక్కన ఎల్లేశం, నీలమ్మ అని ముసలి మొగుడూ పెళ్లాం ఆరుబయటే పడుకునేవారు. పాలమూరు నుంచి రాళ్లు కొట్టే పనికి వచ్చినవాళ్లు. నీలమ్మకి దగ్గు పట్టుకుంది. సుబ్బలక్ష్మి చూడలేక, "రగ్గు పెట్టెలో ఊరికే పడుంది కదండీ, సంవత్సరీకం దాకా వాళ్లని కప్పుకోనివ్వండి" అంది. నేను కసురుకున్నాను. "ఒకరు కప్పుకున్నది దానానికి పనికొస్తుందా? నాన్నకి చేరుతుందా?" అన్నాను. పోయిన నాన్నకి చలేస్తుందని బెంగపెట్టుకున్నాను గానీ, గోడవతలి దగ్గు నాకు పట్టలేదు.

సంవత్సరీకం ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున నీలమ్మ లేవలేదు.

అప్పుడు తెరిచాను పెట్టె. ఆవిడని సాగనంపి వచ్చాక రగ్గు తీసుకెళ్లి ఎల్లేశం చేతిలో పెట్టబోయాను. "తీసుకో తాతా, నీకే" అన్నాను. అతనికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"వద్దు సారూ. ఇద్దరికి నా గొంగడి సాలకపోతుండె. ఇగ ఒక్కణ్ణే గద, సాల్తది" అన్నాడు.

రగ్గు చంకలో పెట్టుకుని తిరిగొచ్చేశాను. దాన్ని నాన్న పేరున ఇవ్వడానికి చేతులు రాలేదు. నువ్వు ఆశపడి పంపావు, క్షమించు. నన్ను గట్టిగా తిడుతూ ఒక ఉత్తరం రాయక్కా. సుబ్బలక్ష్మి ఒక్క మాట కూడా అనడం లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు
బుల్లిబాబు